సాయం కాదు, పనే



"మా ఆయన ఉద్యోగం చేస్తారు, నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అని మనలో చాలామంది అలవాటుగా అనేస్తుంటాం. తెల్లవారింది మొదలు రాత్రి వంటిల్లు సర్దేదాకా నడుం వాల్చకపోయినా, ఆ చేసేదాన్ని పని అనుకోం. ఈ మాట మన గడప దగ్గరే ఆగలేదు. పొలంలో, బజారులో స్త్రీ చేసిన కష్టాన్ని కూడా లోకం చాలాకాలం "సాయం" కిందే జమకట్టింది. స్త్రీల కార్మికోద్యమ చరిత్రలో పెద్ద భాగం, దాన్ని "పని" అని ఒప్పించుకోవడమే.

మన అనంతపురం పల్లెలే చూడండి. ఏడాది మొత్తానికి సుమారు 55 సెంటీమీటర్ల వాన. దాన్ని నమ్ముకుని శెనక్కాయ సేద్యం. విత్తనానికి కాయలు వలవడం, కలుపు తీయడం, కట్టె నుంచి కాయలు తెంపడం, ఇవన్నీ చాలావరకు ఆడవాళ్ళ చేతి మీదే నడుస్తాయి. వీటికి తేలిక పనులని పేరు. పేరు తేలిక గనుక కూలీ తేలికే! మిట్టమధ్యాహ్నం ఎండలో వంగిన నడుం ఎత్తకుండా కలుపు తీయడం తేలికో కాదో, తీసేవాళ్ళనే అడగాలి.

ఈ తేడా నిన్న మొన్నటిది కాదు. 1876–78లో ఈ సీమను ఊడ్చేసిన కరువును పెద్దలు ధాత కరువు అనేవారు. అనంతపురం అప్పటికింకా బళ్ళారి జిల్లాలో ఉండేది, 1882లోగాని వేరు జిల్లా కాలేదు. ఆ కరువులో దొరతనంవారు పెట్టిన సహాయ పనుల్లో కూడా ఆడమనిషికి మగవాడికన్నా తక్కువ కూలి కట్టారు. ఆకలికి లేని తేడా కూలికి వచ్చింది.

తేడాను ప్రశ్నించాలంటే సంఘం కావాలి. ఆ సంఘం పెట్టుకోవడమూ సులువు కాలేదు. 1972లో అహమదాబాదులో ఇలా భట్ గారు బట్టల మూటలు మోసేవాళ్ళను, కూరగాయలమ్మే వాళ్ళను కూడగట్టి "సేవ" సంఘాన్ని రిజిస్టరు చేయబోతే, "మీకు యజమానే లేడు, ఎవరి మీద పోరాడతారు?" అని అధికారులు అడ్డుచెప్పారు. సంఘం ఉన్నది యజమానితో పోట్లాటకే కాదు, పనిచేసేవాళ్ళు ఒక్కటిగా నిలబడటానికి అని ఆమె వాదించి గెలిచారు. 1976లో సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని పార్లమెంటు చట్టం చేసింది. అయినా కలుపు తీసేచోటికి ఆ చట్టం ఒక పట్టాన నడిచి రాలేదు.

వచ్చింది 2006 ఫిబ్రవరి 2న, మన నార్పల మండలం బండ్లపల్లికి. ప్రధాని మన్మోహన్ సింగ్ గారు ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొట్టమొదట అక్కడే ప్రారంభించారు. కుటుంబానికి ఏడాదిలో 100 రోజుల పని, ఆడామగా ఇద్దరికీ ఒకటే రేటు. పని పొందేవారిలో మూడోవంతుకు తగ్గకుండా స్త్రీలుండాలని చట్టం అంటే, మన రాష్ట్రంలో సగానికి మించే వచ్చారు.

ఆ 2005 చట్టంలో ఒక సంగతి మనం తప్పక తెలుసుకోవాలి. పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురో అంతకుమించో వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒకామెను పెట్టి, మట్టి తవ్వేవారితో సమానంగా కూలి ఇవ్వాలి అని రాశారు. బిడ్డల్ని చూసుకోవడం కూడా పనే అని చట్టమే చెప్పిందన్నమాట! చాలాచోట్ల ఇది కాగితం మీదే మిగిలిపోయిన మాటా నిజమే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల పనితో వేరే చట్టం చేసింది. రోజులు ఎన్నని మాత్రమే కాక, పిల్లల సంగతేమిటని కూడా అడగవలసింది మనమే.

అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళదీ ఇదే బాధ. పసివాళ్ళకు అన్నం పెట్టి, తూకం చూసి, రిజిస్టర్లు రాసేవారికి ఇచ్చేదాన్ని జీతం అనరు, "గౌరవ వేతనం" అంటారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగినప్పుడు, ఎస్మా ప్రయోగించినా బెదరక 42 రోజులు నిలిచారు.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. అంట్లు తోమే మనిషికి మనమే కదా యజమానులం? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపని వారికోసం ఒక ఒడంబడిక చేసింది. వారానికి ఒక పూర్తి రోజు విశ్రాంతి అందులో ఒకటి. మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. అంతమాత్రాన మనం ఆగనక్కరలేదు కదండీ! జీతం ఏ తేదీకి, వారంలో సెలవు ఏ రోజు, జ్వరం వస్తే కోత లేకుండా ఎన్నాళ్ళు, ఇవి ముందే మాట్లాడుకోండి. పాత చీర, మిగిలిన కూర ఇవ్వడం మన మంచితనం. అది జీతం లెక్కలోకి రాదు. ఆమె చేసేది పని అని మనం ఒప్పుకుంటే, మనం చేసేదాన్నీ పని అనమని ఇంట్లోవాళ్ళను ధైర్యంగా అడగవచ్చు. ఏమంటారు?