కొస పొలమునకు నీరు: సంఘము నిలుచుటకు మూలమేమి?

సంఘమును స్థాపించుట సులభము. పదేండ్లు నిలుపుట కష్టము. నేల యొక్కటే, కాలువ యొక్కటే, చట్టమొక్కటే అయినను ఒక యూరి సంఘము వర్ధిల్లుచుండగా ప్రక్క యూరి సంఘపు తలుపునకు తాళము పడుటేల? "మంచి ప్రెసిడెంటు దొరకలేదు" అని మనవారు సాధారణముగా చెప్పుదురు. సంస్థల నిర్వహణమును గూర్చి పరిశోధించు పండితులు వేరొక సమాధానము చెప్పుచున్నారు. ఆ పరిశోధనలలో ముఖ్యమైన దొకటి తెలుగు రైతుల పొలములలోనే జరిగినది గాన పాఠకులకు దానిని తెలుప నెంచితిమి.

1965లో మన్‌కర్ ఓల్సన్ అను అమెరికా పండితుడు ఒక చిక్కును చూపెను. పదిమందికి లాభించు పనిని పొరుగువాడు చేయునులే యని ప్రతివాడును ఊరకుండును. తుదకు పని జరుగదు. మన పంటబోదెల పూడిక తీయు దినమున ఎందరు పార పట్టుకొని వచ్చుచున్నారో తలచుకొనినచో ఈ మాట యెంత నిజమో తెలియును.

అయితే కొన్ని యూళ్లలో పని జరుగుచునే యున్నది. అదెట్లు? రాబర్టు వేడ్ అను పండితుడు కర్నూలు ప్రాంతమున కాలువ క్రింది గ్రామములను పరిశీలించి 1988లో గ్రంథము ప్రకటించెను. కాలువ మొదట నీరు పుష్కలముగా నున్న యూళ్లలో ఉమ్మడి కట్టుబాటు అంతగా కనబడలేదు. కొసనున్న యూళ్లలో రైతులు సభ కూడి, ఊరుమ్మడి నిధి నేర్పరచి, నీరు పంచుటకును పైరు కాచుటకును జీతగాండ్రను నియమించుకొనిరి. కోత యైన పొలములలో మందలను మేపుకొను హక్కును అమ్మియు ఆ నిధికి సొమ్ము కూర్చిరి. ఏ చట్టమును వారిచేత ఈ పని చేయింపలేదు. వారు పై యూళ్లవారికంటె ధర్మాత్ములనియు కాదు. నీరందక పైరెండు భయము వారికి మెండు, తగవులును మెండు. ఎవరికి వారు రాత్రులు కాలువగట్టున కాచుకొనుటకంటె అందరును కలిసి కావలి పెట్టుకొనుట చౌక. లాభము కంటికి కనబడినచోట కట్టుబాటు పుట్టినది.

ఎలినార్ ఆస్ట్రోమ్ అను విదుషీమణి స్పెయిను, ఫిలిప్పీన్సు దేశముల కాలువలను, స్విట్జర్లాండు పచ్చికబయళ్లను గూర్చిన విషయములను కూర్చి 1990లో గ్రంథము వ్రాసెను. 2009లో ఆమెకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ శాస్త్రమున దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. చిరకాలము నిలిచిన సంఘములలో ఆమె చూచిన లక్షణములలో కొన్ని యివి: ఎవరు సభ్యులో, ఎవరు కారో స్పష్టముగా నుండును. నిబంధనలకు లోబడువారే వానిని మార్చుకొనగలరు. కనిపెట్టువాడు సభ్యులకు జవాబుదారి. తప్పు చేసినవానికి మొదట చిన్న దండనము, మరల చేసిన పెద్దది. తగవు ఊరిలోనే, తక్కువ ఖర్చుతో తీరును.

ఇక మన డెల్టా మాట. 1855 నాటికి బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతలవలన గోదావరి నీరును కృష్ణకు చేరుచున్నది. నీరు నదికి చేరినంత మాత్రమున దివిసీమ కొస పొలమునకు చేరదు. కర్నూలు ప్రాంతపు ఆ యూళ్లు తమ యూరిలోనికి వచ్చిన నీటిని తాము పంచుకొనిరి. మన బోదె యనేక గ్రామములు దాటి వచ్చును. పై యూరివాడు తూము నెత్తివేసినచో కొస యూరి కట్టుబాటు ఏమి చేయగలదు? కావున పైవాడును కొసవాడును ఒకే సంఘమున నుండవలయును. 1997 నాటి సాగునీటి చట్టము ఈ యాశయముతోనే నీటి వినియోగదారుల సంఘములను, వానిపై డిస్ట్రిబ్యూటరీ సంఘములను ఏర్పరచినది. ఆ యేట రాష్ట్రమున 10,000కు పైగా సంఘములకు ఎన్నికలు జరిగినవి. కాని యెన్నిక వేరు, కట్టుబాటు వేరు. చట్టము కుర్చీ నీయగలదు. పార పట్టించునది లాభముపై నమ్మకమే.

పరపతి సంఘమునకును ఇదే నీతి. ఎరువు, విత్తు, అప్పు అదనున దొరకినచో సభ్యుడు వాయిదా తప్పడు. అదను దాటి దొరకినచో వడ్డీవ్యాపారి గడపయే తొక్కును. అట్టి సంఘము తనదని అతడేల తలచును?

రైతు సోదరులారా! రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలడుగుడు. ఈ సంవత్సరము సంఘమువలన ప్రతి సభ్యునికి కనబడిన లాభమేమి? లెక్కను చూచువా డెవరికి జవాబుదారి? బోదె కొసనున్న చిన్న రైతు ఈ సభలో నోరు విప్పెనా? మూడింటికిని సూటియైన సమాధానము వచ్చినచో మీ సంఘము నిలుచును. రానిచో ప్రెసిడెంటును మార్చుటకు ముందు నిబంధనలను మార్చుకొనుడు.