జ్వరం రాకముందే దోమను పట్టాలి

సార్వా ఊడ్పులు అయ్యాక కోనసీమలోని తాటిపాక చుట్టుపక్కల చేలల్లో వారాల తరబడి నీరు నిలుస్తుంది. ఆ నీటిలోనే క్యూలెక్స్ దోమలు గుడ్లు పెడతాయి. చేపపిల్లల కోసం, పురుగుల కోసం తెల్లకొంగలు, గుడ్డికొంగలు అదే చేలో దిగుతాయి. గట్టు దాటితే గేదెల పాక, పాక పక్కనే ఇల్లు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు వైరస్ బతకడానికి ఇలాంటి చోటే అనువు. అంత మాత్రాన కోనసీమలో ఆ జబ్బు ఉందని కాదు. వస్తే ముందుగా ఎలా తెలుస్తుందన్నదే ప్రశ్న.

ఈ వైరస్ కొంగ ఒంట్లో పెరుగుతుంది, కొంగకు మాత్రం ఏమీ కాదు. పందిలోనూ బాగా పెరుగుతుంది. వాటిని కుట్టిన దోమ ఒకటి రెండు వారాల్లో వైరస్‌ను అంటించే స్థితికి వస్తుంది. మనిషి రక్తంలో వైరస్ చాలా కొద్దిగా ఉంటుంది కాబట్టి, రోగిని కుట్టిన దోమ ఇంకొకరికి జబ్బు అంటించలేదు. గేదె సంగతీ అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 250 మందికి ఈ వైరస్ సోకితే ఒక్కరికే జబ్బు ముదురుతుంది. అలా మెదడు వాచినవారిలో నూటికి 30 మంది వరకు చనిపోవచ్చు. అంటే ఒక పిల్లవాడు ఫిట్స్‌తో ఆసుపత్రికి చేరేసరికి, వైరస్ ఊళ్లో ఎంతోమందిని తాకి ఉంటుంది. ఆలస్యం ఖరీదు తెలుగువారికి తెలియనిది కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు వచ్చి 183 మంది చనిపోయారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో అది చండీపురా వైరస్ అని తేలింది. దాన్ని ముఖ్యంగా మోసేది దోమ కాదు, ఇసుక ఈగ. అయినా పాఠం ఒక్కటే: పిల్లలు పడిపోయాక వైరస్ పేరు తెలిసింది.

అందుకే నిఘా పశువుల పాకలో మొదలవుతుంది. వరిచేల దోమలకు పశువుల రక్తమంటే ఇష్టం. పొద్దుగూకాక టార్చిలైటు పట్టుకుని సిబ్బంది పాకలోకి వెళ్తారు. గోడల మీద, గడ్డి మీద వాలిన దోమలను గొట్టంతో పీల్చి పట్టుకుంటారు. ఒక మనిషి ఒక గంటలో ఎన్ని పట్టాడన్నది లెక్క. ఇలా కర్నూలు జిల్లాలో ఏ కాలంలో ఈ దోమలు ఎంత పెరుగుతాయో హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తలు గతంలో పరిశీలించారు.

దోమలు పెరిగినంత మాత్రాన వైరస్ ఉన్నట్టు కాదు. కాబట్టి పట్టిన వాటిలో ఆడదోమలను జాతులవారీగా వేరుచేసి, ఒక్కో గుంపులో యాభైకి మించకుండా కట్టి, చల్లగా ల్యాబ్‌కు పంపుతారు. ఒక్క గుంపులో వైరస్ బయటపడినా, అది ఏ ఊరి పాకలో పట్టిన గుంపో రికార్డు చెబుతుంది.

పక్షి చెప్పే కబురు వేరు. వల వేసి పట్టి, రెక్క నరం నుంచి కొద్దిగా రక్తం తీసి, కాలికి ఉంగరం తొడిగి వదిలేస్తారు. రక్తంలో యాంటీబాడీలు ఉంటే ఎప్పుడో వైరస్ సోకిందని అర్థం. పెద్ద కొంగకు అది ఎక్కడ, ఏ ఏడాది సోకిందో చెప్పలేం. కాస్త ఎదిగిన ఈ ఏటి పిల్లలో కనిపిస్తే మాత్రం వైరస్ ఇప్పుడు, ఇక్కడే తిరుగుతోందని అనుమానించాలి. కర్ణాటకలోని కోలార్ జిల్లా కొంగల్లో ఇలాంటి ఆనవాళ్లు దొరికాయి.

కొన్నిచోట్ల పక్షి చావే హెచ్చరిక. 1999లో న్యూయార్క్‌లో కాకులు రాలిపోతుంటే, అక్కడి బ్రాంక్స్ జూ పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారా అప్పుడే నగరంలో మనుషులకు వస్తున్న మెదడువాపుకూ దానికీ లంకె ఉందని పట్టుబట్టారు. చివరికి అది వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. అదే వైరస్ మన దేశంలో కేరళలోనూ మనుషులకు సోకింది.

ముందే తెలిస్తే చేయగలిగింది చాలా ఉంది. డాక్టర్లను అప్రమత్తం చేయవచ్చు, టీకాలు వేయవచ్చు, పందులను ఇళ్లకు దూరంగా తరలించవచ్చు. వీలున్న చేలల్లో నీటిని మధ్యమధ్య ఆరగట్టవచ్చు. హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ కోలార్‌లో దొరికిన వైరస్‌తోనే జెన్‌వ్యాక్ టీకా తయారుచేసి 2013లో విడుదల చేసింది.

బోదకాలుతో పోరాడిన గోదావరి జిల్లాలకు దోమల సర్వే కొత్త కాదు. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం శాఖ రాజమహేంద్రవరంలోనే ఉంది. కావలసింది జబ్బు లేని ఏడాదిలోనూ ఆ పని ఆగకపోవడం. ఏమీ దొరకలేదన్న రిపోర్టు కూడా ఫలితమే. రైతులు చేయాల్సింది కొంచెమే: దోమలు పట్టేవారు చీకటిపడ్డాక వస్తే పాకలోకి రానివ్వండి. కాకులో కొంగలో గుంపుగా చచ్చిపడితే చేత్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి కబురు పెట్టండి.