యానాము అగ్రహారము: పట్టణపు లెక్కలోని పల్లె

తెలుగుదేశమున అగ్రహారమను పేరుగల గ్రామములు అనేకములు కలవు. పూర్వము రాజులును, జమీందారులును విద్వాంసులైన బ్రాహ్మణులకు పన్ను లేకుండ ఒసగిన భూములకు ఈ పేరు చెల్లినది. కావున ఈ మాట వినబడినంతనే దానమిచ్చిన ప్రభువు, దానిని అనుభవించిన శ్రోత్రియుడు స్ఫురింతురు. ఆ భూమిని దున్నిన రైతు మాత్రము తరచుగా మరుగుననే యుండును. గోదావరి మండలమున ఇట్టి గ్రామములు మెండు. వానిలో యానామునకు చేరిన అగ్రహారము చిన్నది. అయినను రెండు శతాబ్దములకు పైగా దాని నడక ఇరుగుపొరుగు గ్రామముల నడకకు భిన్నమైనది.

గౌతమీ గోదావరి నుండి ఆత్రేయ యనబడు కోరంగి పాయ చీలుచోట, సముద్రమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున యానాము కలదు. ప్రాంతమంతయు కలిపి సుమారు 30 చదరపు కిలోమీటర్లు. యానాము పట్టణమును, దాని ననుసరించిన అగ్రహారము, మెట్టకూరు, కనకాలపేట, కురసాంపేట, గిరియాంపేట, జాంబవాన్‌పేట, ఫరంపేట, దరియాలతిప్ప అను పల్లెలును ఇందులో చేరినవి. ఒక ప్రక్క కాకినాడ జిల్లాలోని తాళ్ళరేవు మండలము, నదికి ఆవల కోనసీమ. పరిపాలనకు మాత్రము ముఖ్యపట్టణము పుదుచ్చేరి. అది 800 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది.

ఫ్రెంచివారు 1723లో ఇచట వర్తకమునకు దిగి, 1727లో విడిచిపోయి, 1731లో మరల వచ్చిరి. వారికి కావలసినది వస్త్రము, ముఖ్యముగా నీలిరంగు బట్ట. డచ్చివారును ఈ మండలపు బట్టలనే జావా మొదలగు దీవులకు కొనిపోవుచుండిరి. 1828లో యానాము నుండి తెలుగు కూలీలు ఓడనెక్కి, నేడు రియూనియన్ అనబడు బూర్బన్ దీవి చెరకు తోటలకు పోయిరి. ఓడల కథలు, దొరల కథలు వ్రాసినవారు పలువురు కలరు. వర్తకులకును, కూలీలకును గంజి పోసిన వరిచేల కథ వ్రాసినవారు తక్కువ.

ఆ చేలకు ప్రాణము ధవళేశ్వరము ఆనకట్ట. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున మొదలిడి 1852 నాటికి పూర్తిగావించిన ఈ కట్టడము బ్రిటిషువారిది. నీరు పారిన పల్లములలో కొన్ని ఫ్రెంచివారివి. ఆ పాత ఆనకట్ట స్థానమున 1982 నాటికి బ్యారేజి సిద్ధమైనది. నేటికిని నీటి మార్గము మారలేదు. ఆంధ్రప్రదేశపు కాలువలు దాటి వచ్చిన నీరే యానాము చేలకు ఆధారము. కాలువ చివర నున్నవారికి నీరు కడపట అందును, వరదనాటి మురుగు ముందుగా చేరును. గోదావరి డెల్టాలో శివారు రైతు అనగా ఎవరో చెప్పనక్కరలేదు.

డెల్టా రైతునకు సంవత్సరము సార్వా, దాళ్వా అని రెండుగా విడివడియున్నది. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. కాలువకు నీరు వదలిన పిమ్మట ఆకుమడి పోసి, చేను దమ్ము చేసి, ఊడ్పులు సాగింతురు. జీలుగ, జనుము వంటి పచ్చిరొట్టను చేనిలో త్రొక్కించుట పెద్దలనాటి అలవాటు. రసాయనపు ఎరువు వచ్చిన పిదప అది తగ్గి, మరల కొంత తలయెత్తుచున్నది. సార్వాకు స్వర్ణ యను వంగడము పేరుమోసినది. 1982లో విడుదలైన ఈ వంగడము పశ్చిమగోదావరి మండలములోని మార్టేరు పరిశోధన కేంద్రమునందు పుట్టినది. సార్వా కోతలు తుపానుల నెలలలో పడును. పనలమీద నున్న పంట తడిసినచో గింజ మొలకెత్తిపోవును. దాళ్వాకు వానభయము తక్కువ, నీటిభయము ఎక్కువ. నదిలో ప్రవాహము చాలని యేడు సీలేరు జలాశయముల నుండి వదలిన నీటితో డెల్టాను గట్టెక్కింపవలసివచ్చును. నీరు లేనిచోట మినుము, పెసర చల్లి తృప్తిపడుదురు. గట్లమీద, దొడ్లలో కొబ్బరి ఉండనే యున్నది.

సముద్రము దగ్గరగుటచే ఉప్పు బాధ మరియొకటి. కాలువనీరు తగ్గినచో పాయలలోనికి పోటునీరు ఎగదన్ని, నేల చవుడుబారును. తీపినీరు నిలువగట్టి వదలినగాని ఆ ఉప్పు కడుగబడదు. ఈ మండలమునకు గాలివాన కొత్తదికాదు. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును నాశనము చేసినది. 1996 నవంబరు 6వ తేదీ తుపాను వేయిమందికి పైగా ప్రాణములు గొని, కొబ్బరితోటలను నేలగూల్చినది. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను గోదావరి వరద యానామును ముంచినది. వరి మరుసటి కారునకు లేచును. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున మొక్క నాటిన, కాపునకు ఏండ్లు పట్టును.

సరిహద్దు గీత నేలమీద కనబడకపోయినను, చట్టము దానివద్ద ఆగిపోవును. బాల్యవివాహములను నిషేధించిన శారదా చట్టము 1930లో అమలునకు వచ్చినపుడు, బ్రిటిషు తెలుగు ప్రాంతముల నుండి పెండ్లివారు యానామునకు బండ్లు కట్టుకొని వచ్చిరి. భూమి విషయమునను అంతే. 1956లో ఆంధ్రలో ఇనాముల రద్దు చట్టము వచ్చి, అచటి అగ్రహారములను రైతువారీ పట్టాలుగా మార్చినది. యానాము అగ్రహారము ఆ చట్టపు పరిధిలోనిది కాదు. ఇచటి భూమి దస్తావేజులలో ఫ్రెంచి పద్ధతి ననుసరించి హెక్టార్లు, ఆర్లు కానవచ్చును. గోదావరి రైతు నోట మాత్రము ఎకరములు, కుంచములే. కుంచమనగా పది సెంట్లు. ఒకే చేనికి కాగితముమీద ఒక లెక్క, గట్టుమీద ఒక లెక్క.

ఈ రెండులెక్కల వ్యవహారము చేనితో ఆగలేదు. 1880 మార్చి 12వ తేదీ ఫ్రెంచి ఉత్తరువుతో యానామంతయు ఒక కమ్యూనుగా నేర్పడినది. 1954 జూన్ 13న యానాము విముక్తమైనది. ఈ పోరాటపు నాయకుడు దడాల రఫేల్ రమణయ్య. అదే సంవత్సరము నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వమునకు వచ్చినది. 1962 ఆగస్టు 16న విలీనము న్యాయతః పూర్తియైనది. కమ్యూను పురపాలక సంఘమైనది గాని, పల్లెలు దానినుండి విడివడలేదు. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతములలో కమ్యూను పంచాయతులు కలవు, యానామున లేవు. 2011 జనాభా లెక్కలలో యానాము ప్రాంతము నూటికి నూరుపాళ్ళు పట్టణముగా నమోదైనది. అనగా, ఆ లెక్కల ప్రకారము అగ్రహారము గ్రామమే కాదు.

ఇది కేవలము మాటల తగవు కాదు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము ‘గ్రామీణ’ ప్రాంతములకే ఉద్దేశింపబడినది. గ్రామసభ కూడి, చెరువు పూడిక ఏది, మురుగుకాలువ ఏది యని నిర్ణయించు హక్కు పంచాయతీ గల ఊరిది. ఇట్టి భేదము ఇండోనేషియాలోను కలదు. అచట గ్రామమును ‘దెస’ యందురు. సంస్కృతపు ‘దేశ’ శబ్దమే అది. దానికి జనులెన్నుకొన్న పెద్ద యుండును. పట్టణములో చేరినది ‘కెలురహాన్’ అగును. దానికి నియమితుడైన ఉద్యోగియే పెద్ద. 2014లో అచట వచ్చిన గ్రామచట్టము కేంద్రనిధులను దెసలకే కేటాయించినది. వరి పండించు ఊరు పేరు మారుటతోనే అది ఆ నిధికి దూరమగును. జావా రైతునకును, యానాము రైతునకును ఈ చిక్కు ఒక్కటే.

పట్టణమను పేరు పూర్తిగా అబద్ధమనుటకును వీలులేదు. 2001లో 31,394గా నున్న యానాము జనసంఖ్య 2011 నాటికి 55,626 అయినది. పదేండ్లలో నూటికి డెబ్బదియేడు వంతుల పెరుగుదల. భూమి మాత్రము అంతియే. కర్మాగారములు వచ్చినవి, వానిలో పెద్దదైన సెరామిక్ కర్మాగారము 2012 జనవరి అల్లరులతో మూతపడగా, జీతమును నమ్ముకొన్న కుటుంబములు చిక్కుపడినవి. నదికి ఆవల కోనసీమలో 2011 సార్వాకు రైతులు గిట్టుబాటు ధరలేదని, మురుగు పోవుటలేదని పంట విరామము ప్రకటించి చేలు బీడు పెట్టిరి. జీతమును నిలువక, పంటయు గిట్టనిచోట, ఎకరమును సెంట్లుగా కోసి ఇండ్లస్థలములుగా అమ్ముట రైతునకు కనబడు దగ్గరదారి. అమ్మినవానిని నిందించుట సులభము. ఆ ఎకరముతో ఆడపిల్ల పెండ్లియో, కొడుకు చదువో గడచిన సంగతి నిందించువారికి పట్టదు.

అయితే పల్లపు చేనిలో ఇంటిస్థలము ఒంటరిగా లేవదు. మొదట మట్టి తోలి మెరక చేయుదురు. ఆ మెరక ప్రక్కచేనికి గట్టుగా నిలుచును, బోదె పూడును, వాననీరు పోవు త్రోవ తప్పును. తరువాతి సార్వాకు ప్రక్కచేను మునుగును. రెండు కార్లు మునిగినపిదప ఆ రైతును మట్టి తోలుటకే చూచును. మురుగుకాలువను ముందుగా గుర్తించి, దాని సరిహద్దు రాళ్ళు పాతి, ఆపైననే స్థలములకు అనుమతి ఇచ్చినచో మిగిలిన చేలు నిలుచును. ఆ అనుమతి ఇచ్చునది పట్టణపు కార్యాలయము, మునుగునది పల్లెచేను.