ముల్లు మారిస్తే పాటే మారుతుంది!

వినైల్ కొత్తగా మొదలెట్టినవాళ్లు ముందు స్పీకర్ల గురించే అడుగుతారు. పాటను గాడిలోంచి బయటికి తీసేదేమో కంటికి సరిగ్గా ఆనని వజ్రపు మొన. సౌండ్ తేడా అక్కడే మొదలవుతుంది.

అన్నిటికన్నా చవక ‘కోనికల్’. మొన గుండ్రంగా ఉంటుంది. హై నోట్స్ దగ్గర గాడి మెలికలు మరీ సన్నబడతాయి కదా, అక్కడ ఈ మొన దూరలేదు. రికార్డు చివరి పాటలో ‘స’, ‘ష’లు గరగరలాడటానికి ఇదో పెద్ద కారణం. ‘ఎలిప్టికల్’ పక్కలు సన్నం కాబట్టి ఆ మెలికల్లోకి దిగుతుంది. ఇంకా పైమెట్టు ‘షిబాటా’. 1970ల్లో నాలుగు చానళ్ల రికార్డుల కోసం జేవీసీ ఇంజినీర్ నోరియో షిబాటా రూపొందించిన ఆకారం. ఆ రికార్డులు పోయాయి, ముల్లు మిగిలింది!

ఆడియో టెక్నికా వీఎం95 కొంటే ఒకే బాడీకి ఈ మూడు రకాలూ మార్చుకోవచ్చు. కంపెనీ లెక్కన కోనికల్ 500 గంటలు, ఎలిప్టికల్ 300, షిబాటా 800. గడువు దాటాక అరిగిన మొన గాడినే కోసేస్తుంది, ఆ రికార్డు ఇక బాగవదు. ఆర్టోఫోన్ 2ఎం రెడ్ ఉన్నవాళ్లు బ్లూ ముల్లు ఒక్కటే కొని తగిలించుకోవచ్చు. నా ఓటు మాత్రం ముందు ఎలిప్టికల్‌కే. షిబాటా కాస్త అటూ ఇటూ బిగిస్తే డబ్బులు దండగ.

తాతయ్య పెట్టెలో ఘంటసాల 78 ఆర్పీఎం రికార్డు దొరికిందా? పైవేవీ దాని మీద పెట్టొద్దు. ఆ గాడి బాగా వెడల్పు. ఎల్పీ ముల్లు అడుక్కి జారి దుమ్ములో గీసుకుంటూ పోతుంది. దానికి నాలుగైదు రెట్లు లావు మొన కావాలి. వీఎం95లో అదీ దొరుకుతుంది, పేరు ఎస్‌పీ.