మోకాలిలోతు నీరు

వానలు వెనుకపట్టి యేళ్ళు తేటపడగానే పట్టణములనుండి కయాకులను కారుకప్పులకు బిగించుకొని మున్నేరువంటి పల్లెటేళ్ళకు వచ్చు యువకులలో నొక మాట వేదవాక్యమువలె ప్రచారములో నున్నది: చెక్‌డ్యామ్ ఆనకట్టలలో లెక్కకు రాదట, దాని యెత్తు మనిషి నడుమునకు మించదు గనుకను, దిగువ నీరు మోకాలిలోతే గనుకను, తెడ్డు నాలుగుమారులు గట్టిగా వేసి దానిమీదుగా పడవను దుమికించినచో వినోదమే గాని అపాయము లేదట. ఈ మాట పుట్టించిన మహానుభావుడెవ్వడో తెలియదు. చెక్‌డ్యామ్ దాపున ఒక గంటసేపు కూర్చుండి చూచినవాడు మాత్రము కాడు.

నేను కూర్చుంటిని. మొన్న కార్తీకమాసమున మున్నేటిమీద నొకచోట ఇట్లే దుమికిన కుఱ్ఱవాని కయాకు గోడవెంట అడ్డము తిరిగి, ధారక్రింద చిక్కి, తలక్రిందులయ్యెను. గట్టున వల ఆరవేసికొనుచుండిన జాలరి "మీరు దిగమాకండి బాబూ, తాడేస్తా!" అని అతని స్నేహితులను కసరి, మోకు విసరి, మూడవ విసురున వానిని ఈవలికి లాగెను. కుఱ్ఱవాడు బయటపడెను గాని వాని రబ్బరుచెప్పు బయటపడలేదు. అది ధారకడకు పోవును, మునుగును, రెండు బారల దూరమున తేలును, తేలి దిగువకు పోవుటకు మారుగా మరల గోడవైపునకే వచ్చును. పదునేడు మారులు లెక్కపెట్టి విసిగితిని.

ఇందు మాయ యేమియు లేదు. గోడమీదినుండి పడు నీరు ఆ విసురుననే అడుగునకు దిగిపోవును. అది విడిచిన పైతావును నింపుటకై దిగువ నీరు పైపైన వెనుకకు, అనగా గోడవైపునకు, పరువెత్తును. తక్కిన సుడులు ఒకచోట నిలిచి తిరుగుచుండగా ఇది గోడ పొడవునను అడ్డముగా పొరలుచుండుటచేత ప్రక్కకు తప్పుకొనుటకు తావు దొరకదు. అచ్చటి నురుగును తెల్లగా చేయునది గాలి. గాలి కలసిన నీరు మనిషిని మోయజాలదు, తెడ్డునకు పట్టు నీయదు, లైఫ్ జాకెట్టు సైతము అందు సగము పనియే చేయును. మోకాలిలోతని కొలిచినవారు ఎచ్చట కొలిచిరి? పది బారలు దిగువన. ధార పడుచోట నీరు నేలను తవ్వి మడుగు చేసియుండుట వారికి పట్టలేదు. ఇక ఎత్తు తక్కువ గదా యన్న వాదము మరియు విచిత్రమైనది: ఏరు పెరిగినకొలది గోడ కురుచగా కనబడును, లోపలి పొరలింత మాత్రము బలియును. ఎగువనుండి తెడ్డు వేయుచు వచ్చువానికి గోడ కనబడనే కనబడదు. అద్దమువంటి నీరు, దాని చివర నొక సూటిగీత, గీతకావల చెట్ల తలలు మాత్రమే కనబడును. ఆ గీతను చూచియు తెడ్డు ఆపనివానికి నేను చెప్పగలిగినది లేదు.

ఈతగానికి జాకెట్టు అక్కరలేదందురు. తల రాతికి తగిలి స్పృహ తప్పినవానికి ఈత రాదు. మునుగువాడు కేకవేయుననుట సినిమాలలోని మాట. ఊపిరికే చాలని నోరు కేకకేమి చాలును? ఊపిరి లేనివానికి రొమ్ము నొక్కి నోట ఊపిరి ఊదవలసియుండగా, కడుపు నొక్కి నీరు కక్కించువారు ఆ విలువైన నిమిషములను కాజేయుచున్నారు.

ఒక్క విశ్వాసమునకు మాత్రము, మనసొప్పకున్నను, తలవంచవలసి వచ్చినది. కర్కాటక సింహ మాసములందు నదులు రజస్వలలగును గనుక దిగరాదని మా మేనత్త శాసించునపుడెల్ల నేను నవ్వెడివాడను. కారణము తప్పు, కాలము తప్పు కాదు. జూలై నడిమినుండి సెప్టెంబరు నడిమివరకు నుండు ఆ రెండు మాసములును మన యేళ్ళకు వరద వచ్చు దినములే. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మపు కాలనీలను ముంచినదియు వానిలోనే. సముద్రమును చేరు మహానదులకు ఈ దోషము లేదని పండితులొసగిన మినహాయింపును మాత్రము నేనంగీకరింపను: పాపికొండలకు పోవుచు కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు వరద గోదావరిలో మునిగిన 2019 సెప్టెంబరు 15 నాటికి సింహమాసము ముగియలేదు.

మీద ఆకాశము నిర్మలముగా నున్నదని యేటిని నమ్మరాదు. 2014 జూన్ 8న హిమాచలమున బియాస్ నదిలో నిలిచియుండిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మందిని పొట్టబెట్టుకొన్నది వాన కాదు, ఎగువ లార్జీ ప్రాజెక్టునుండి విడిచిన నీరు. కావున బయలుదేరుటకు ముందే ఎగువ గేట్ల సంగతి నీటిపారుదల శాఖవారిని అడుగుడు. ఉపగ్రహపటములో ఏటికడ్డముగా తెల్లని సూటిగీత కనబడిన ప్రతిచోటను గుర్తు పెట్టుకొనుడు. ఆ గుర్తునకు రెండువందల గజముల ఎగువనే ఒడ్డునకు చేరి, గట్టువెంట నడచి చూచి, పడవను భుజమున మోసికొని పోయి, నురుగు అంతమైన చాలదూరమునకు గాని నీట దింపకుడు. కయాకు బరువు ఇరువది ముప్పది కిలోలు. ఇద్దరు మోసినచో పావుగంట పని, గట్టు ప్రక్కచేను ఎవరిదో వారి సెలవడుగుటకు మరి రెండు నిమిషములు. అన్నమునకు ఆగినచోట నీటి యంచున నొక పుల్ల గ్రుచ్చుడు. తినుట ముగియునప్పటికి అది మునిగినచో ఆ దినమునకు ప్రయాణము చాలును. ఒంటరిగా పోకుడు, పదునైదు మీటర్ల తాడు చేతికందుచోట నుంచుకొనుడు, ఏ రేవున ఎన్ని గంటలకు ఒడ్డెక్కుదురో ఊరిలో నొకనికి చెప్పి పొండు.

ఆ చెప్పదగినవాడు జాలరియే యైనచో మరియు మేలు. ప్రొద్దుగూకిన తరువాత ఏటికడ్డముగా వలతాడు ఏ తుమ్మమొదటినుండి ఏ తుమ్మమొదటికి కట్టియుండునో ఆయన కొక్కనికే తెలియును.