లినక్స్ కట్టిన విండోస్ వేషం

విండోస్ కోసం రాసిన ఆట ఒకటి బొమ్మల ఫైలు అడుగుతుంది. అడిగిన పేరులో మొదటి అక్షరం క్యాపిటల్. డిస్కులో ఉన్న పేరు మొత్తం చిన్న అక్షరాలే. విండోస్‌కు రెండూ ఒకటే. లినక్స్ మాత్రం అలాంటి ఫైలే లేదంటుంది. అప్పుడు వైన్ అనే ప్రోగ్రాము ఆ ఫోల్డర్లోని పేర్లన్నీ వరసగా చదివి, చిన్నాపెద్దా తేడా చూడకుండా పోల్చి, దొరికినదాన్ని ఆటకు అందిస్తుంది. ఫైలు సీ డ్రైవ్ నుంచే వచ్చిందని ఆట నమ్ముతుంది. నిజానికి ఆ సీ డ్రైవ్ లినక్స్‌లో ఓ మామూలు ఫోల్డరు.

వైన్ 1993లో పుట్టింది, విండోస్ 3.1 ప్రోగ్రాములను లినక్స్‌లో నడపడానికి. మరుసటి ఏడాది పగ్గాలు అలెగ్జాండర్ జూలియార్డ్ చేతికొచ్చాయి. దశాబ్దాలుగా ఆయనే నడిపిస్తున్నారు. విండోస్ సోర్సు కోడు చూసే వీల్లేదు. మైక్రోసాఫ్ట్ ప్రచురించిన పత్రాలు చదవాలి. వాటిలో లేనిదానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసి, అసలు విండోస్‌లో నడిపి, ఏం జవాబొస్తుందో చూడాలి. వైన్ కూడా అదే జవాబివ్వాలి. విండోస్ తప్పు చెబితే ఆ తప్పు కూడా అచ్చంగా దిగాలి, ఎక్కడో ఒక ఆట దాన్నే నమ్ముకుని ఉంటుంది మరి. 1.0 వెర్షన్ వచ్చేసరికి 2008 జూన్ అయింది. పదిహేనేళ్లు!

ఈలోగా ఇంకోదారి పట్టినవాళ్లూ ఉన్నారు. 1998లో కాలిఫోర్నియాలో మొదలైన లోకీ సాఫ్ట్‌వేర్ ఆటల సోర్సు కోడు తెచ్చుకుని, లినక్స్‌కు తగ్గట్టు మార్చి, డబ్బాల్లో పెట్టి అమ్మింది. సివిలైజేషన్: కాల్ టు పవర్, సిమ్‌సిటీ 3000 అలా వచ్చినవే. పని బాగుంది, కొనేవాళ్లే కరువయ్యారు. 2002 జనవరిలో మూతపడింది. అక్కడి ప్రోగ్రామర్ శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ లైబ్రరీ మాత్రం నేటికీ లెక్కలేనన్ని ఆటల్లో ఉంది.

ఆటల దుకాణం స్టీమ్ యజమాని వాల్వ్ కంపెనీకి విండోస్ 8 వచ్చినప్పుడు భయం పట్టుకుంది: మైక్రోసాఫ్టే సొంత దుకాణం తెరిచాక తన గతేమిటని. 2013లో స్టీమ్‌ను లినక్స్‌కు తెచ్చింది. 2015లో లినక్స్‌తో నడిచే ఆటల యంత్రాలు, స్టీమ్ మెషీన్లు వచ్చాయి. కానీ ఆటలు తయారుచేసేవాళ్లే లినక్స్ వెర్షన్ కూడా తీసుకురావాలన్నది లోకీ నాటి ఆశే, అవీ చతికిలపడ్డాయి. ఆ తర్వాతగానీ వాల్వ్ చూపు వైన్ వైపు తిరగలేదు. విండోస్ ఆటలు బొమ్మలు గీసే డైరెక్ట్3డీ ఆదేశాలను కొత్తగా వచ్చిన వల్కన్ ఆదేశాల్లోకి మార్చే డీఎక్స్‌వీకేను వైన్‌తో కలిపి, 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో విడుదల చేసింది. మొదట అధికారికంగా 27 ఆటలే. 2022లో వచ్చిన చేతి యంత్రం స్టీమ్ డెక్‌లో విండోస్ ఆటలు దాని మీదే నడుస్తున్నాయి.

నాకు అన్నిటికంటే రుచించేది తర్వాతి ఘట్టం. ఆటలో పని ఏకకాలంలో నడిచే పదిపన్నెండు థ్రెడ్‌ల మధ్య పంచుకుని సాగుతుంది. ఒక థ్రెడ్ ‘ఈ అయిదింట్లో ఏది ముందు పూర్తయినా నన్ను లేపు’ అని నిద్రపోతుంది. విండోస్‌లో అది ఒక్క పిలుపు. లినక్స్‌లో అచ్చంగా అలాంటిది లేక, వైన్ ప్రతిసారీ ఇంకో ప్రోగ్రామును అడిగి రావాల్సి వచ్చేది. సెకనుకు వేలసార్లు ఈ తిరుగుడు ఉంటే బొమ్మ తడబడక ఏం చేస్తుంది? 2022 జనవరిలో లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ 5.16 వెర్షన్‌తో పలు చోట్ల ఒకేసారి ఎదురుచూసే సౌకర్యం ఇచ్చింది. 2025లో 6.14 వెర్షన్‌తో, విండోస్ పద్ధతిని దాదాపు ఉన్నదున్నట్టు పాటించే ఎన్‌టీసింక్ డ్రైవరు కెర్నెల్లో చేరింది. వేషం కోసం ఒంటి తీరే మార్చుకోవడమంటే ఇదీ.

వేషాలు కనిపెట్టడమే పనిగా పెట్టుకున్న ప్రోగ్రాములతోనే చిక్కంతా. ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని పట్టే ఈ కాపలాదారుల్లో కొన్ని విండోస్ కెర్నెల్లోకే దిగి కూర్చుంటాయి. వైన్‌లో అసలు విండోస్ కెర్నెలే లేదు. వాలరెంట్ అనే ఆట అందుకే నడవదు. స్టీమ్ డెక్‌లో ఆడుకోనిచ్చిన ఎపెక్స్ లెజెండ్స్‌ను 2024 అక్టోబరు చివర లినక్స్‌లో ఆపేశారు. మోసగాళ్లు ఆ దారిన దూరుతున్నారన్నది తయారీదారుల వాదన. నిజాయితీగా ఆడేవాళ్లకూ ఆ తలుపు మూసేశారు.