వార్తల్లో పదం: ఐపీసీ

కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ వస్తోందంటే అందరి చూపూ గిగాహెర్ట్జ్ మీదే. ఆ ఒక్క అంకె చాలదు. కడప చేలల్లో విత్తనం వేసేటప్పుడు ఎద్దుల నడకే కాదు, గొర్రు ఒక్క విడతకు ఎన్ని సాళ్లు వేస్తుందన్నదీ లెక్కే. గిగాహెర్ట్జ్ ఆ నడక లాంటిదైతే, ఆ సాళ్ల లెక్కలా ఒక్క క్లాక్ సైకిల్‌లో ప్రాసెసర్ సగటున పూర్తిచేసే ఆదేశాల సంఖ్యే ఐపీసీ. 2013లో ఏఎండీ ఎఫ్ఎక్స్-9590 చిప్ 5 గిగాహెర్ట్జ్ అందుకున్నా, ఒక్క కోర్ పనిలో అంతకన్నా తక్కువ క్లాక్ ఉన్న ఇంటెల్ చిప్‌ల వెనకే నిలిచింది. 2017 మార్చి 2న రైజెన్ చిప్‌లు తెచ్చినప్పుడు అదే సంస్థ తన పాత కోర్ కన్నా ఐపీసీ 52 శాతం పెరిగిందని ప్రకటించి, మళ్లీ పోటీలోకొచ్చింది.

అది కంపెనీ మాటే కదా అనవచ్చు. నిజమే, పైగా ఐపీసీ ప్రోగ్రామును బట్టి మారుతుంది. అయినా బయటివారి పరీక్షల్లోనూ ఆ పెరుగుదల గట్టిగానే కనిపించింది. ఆటల్లో మాత్రం అప్పటికి ఇంటెల్‌దే పైచేయి. విడుదల రోజే ఎగబడకండి, మీరు చేసే పనిలో ఫలితాలు చూశాకే కొనండి.